ముక్కుకి పని లేకపోతే...

మీ చిలుక ఈకలు ఊడిపోతున్నాయా? ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టే ముందు ఒక్క పని చేయండి. దాని తల చూడండి.

ఛాతీ బోసిగా ఉంది, రెక్కల కింద బోసిగా ఉంది, కాళ్ల దగ్గర చర్మం కనిపిస్తోంది. తల మీద మాత్రం ఈకలు నిండుగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. అలా ఉంటే ఆ ఈకలు ఊడలేదు, అదే పీక్కుంటోంది. ఒంటి మీద దాని ముక్కుకి అందని చోటు తల ఒక్కటే మరి! తల మీద కూడా ఈకలు పోయి ఉంటే లెక్క వేరు. కేజ్‌లో పక్కనున్న జంట పక్షి అయినా పీకుతుండాలి, లేదా ఏదో జబ్బయినా అయ్యుండాలి.

పెట్ క్లినిక్ నడిపే నాకు ఒకప్పుడు చిలుక కేసు అంటే నెలకొకటి వచ్చేది. ఇప్పుడు వారానికి రెండు మూడు వస్తున్నాయి. ఆఫ్రికన్ గ్రేలు, కాకటూలు, సన్ కన్యూర్లు, లవ్‌బర్డ్స్... అపార్ట్‌మెంట్లలో కుక్కని ఒప్పుకోకపోతే పక్షిని తెచ్చుకుంటున్నారు. వచ్చే కేసుల్లో ఎక్కువగా వినిపించే మాట ఇదే: "మేడమ్, ఈకలు పీక్కుంటోంది. ఏదైనా స్ప్రే ఉంటే రాసివ్వండి."

స్ప్రేతో పోయేదైతే ఈ వారం కాలమ్ రాయాల్సిన పనే లేదు.

దువ్వుకోవడం వేరు, పీక్కోవడం వేరు

చిలుక రోజూ చాలాసేపు తన ఈకలు సర్దుకుంటుంది. ఒక్కో ఈకనీ ముక్కుతో పట్టి చివరిదాకా లాగి వదులుతుంది. దుమ్ము పోతుంది, విడిపోయిన పోగులు మళ్లీ అతుక్కుంటాయి. ఇది మనం తల దువ్వుకోవడం లాంటిదే. కంగారు అక్కర్లేదు.

పాత ఈకలు రాలి కొత్తవి రావడం కూడా మామూలే. దాన్ని మోల్టింగ్ అంటారు. అప్పుడు కేజ్ అడుగున ఈకలు కనిపిస్తాయి కానీ ఒంటి మీద బట్టతల లాంటి మచ్చలు పడవు. ఈకలు రెండు పక్కలా కొంచెం కొంచెంగా రాలుతాయి, వాటి వెనకే కొత్తవి ముళ్లలా పొడుచుకొస్తాయి.

తేడా తెలియాలంటే కింద పడ్డ ఈకని చేతిలోకి తీసుకోండి. దానంతటది రాలిన ఈక మొదలు శుభ్రంగా, గుండ్రంగా ఉంటుంది. అంచులు నలిగిపోయి, మధ్యలో తుంచినట్టుంటే నమిలిందని అర్థం. మొదట్లో రక్తం ఉంటే, ఇంకా ఎదుగుతున్న ఈకనే లాగేసింది. అలాంటి ఈకలో రక్తనాళం ఉంటుంది. లాగితే నొప్పి పుడుతుంది. అయినా లాగుతోందంటే లోపల దానికి అంతకంటే పెద్ద ఇబ్బందే ఉండుండాలి.

ఇంకో సంగతి. స్వేచ్ఛగా తిరిగే చిలుకల్లో ఈ అలవాటు దాదాపు కనిపించదు. ఇది పంజరంలో పుట్టిన కష్టం. మనుషుల్లో కొందరు టెన్షన్‌లో తెలియకుండానే తమ జుట్టు తామే పీక్కుంటారు. దాన్ని ట్రైకోటిల్లోమేనియా అంటారు. చిలుకల బాధని కొందరు పరిశోధకులు దానితో పోల్చి చూశారు. ఈకల్లేని చిలుక డ్యాన్స్ చేస్తున్న రీల్ కనబడితే నవ్వొచ్చి ఫార్వర్డ్ చేస్తాం. ఈసారి అలాంటిది కనబడితే ఒక్క క్షణం ఆగి చూడండి. నవ్వు రాదు.

ముందు జబ్బు సంగతి తేల్చండి

"బోర్ కొట్టి పీక్కుంటోంది" అని ఇంట్లో కూర్చుని తీర్పు చెప్పేయకండి. జబ్బు లేదని తేలాకే ఆ మాట అనాలి. పక్షుల్ని చూడటం తెలిసిన వెట్ దగ్గరికి తీసుకెళ్లండి. అన్ని క్లినిక్‌లలోనూ పక్షుల్ని చూడరు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

మేం వెతికేవి ఇవి. చర్మానికి ఇన్‌ఫెక్షన్ ఉందా? కాలేయం బాగుందా? కాకటీల్ అయితే పేగుల్లో జియార్డియా అనే పరాన్నజీవి ఉందా? కేజ్ తీగల జింక్ పూతని కొరికి ఒంట్లోకి లోహం చేరిందా? దీనికి ఎక్స్-రే, రక్తపరీక్ష కావాలి. చాలామంది "పేలు పట్టాయేమో" అని వస్తారు. ఇంట్లోనే పెరిగే చిలుకకి అది అరుదు.

తల మీద కూడా ఈకలు పోయి, కొత్తగా వచ్చే ఈకలు వంకరగా, నొక్కుకుపోయినట్టు ఉంటే పీబీఎఫ్‌డీ అనే వైరస్ జబ్బు కోసం పీసీఆర్ టెస్ట్ చేయిస్తాం. ఇది ఎక్కువగా చిన్న వయసు పక్షులకి వస్తుంది. రెట్ట నుంచి, ఈకల పొడి నుంచి మిగతా చిలుకలకి అంటుకుంటుంది. దీన్ని నయం చేసే మందు లేదు. అందుకే కొత్త పక్షిని తెచ్చిన రోజే పాతదాని పక్కన పెట్టకండి. టెస్ట్ రిజల్ట్ వచ్చేదాకా వేరే గదిలో ఉంచండి.

ఇక తిండి. మన దగ్గర చిలుక అంటే పొద్దుతిరుగుడు గింజలే. అవి దానికి చిప్స్ ప్యాకెట్ లాంటివి. కొవ్వు ఎక్కువ, విటమిన్ ఎ, కాల్షియం తక్కువ. విటమిన్ ఎ లోపిస్తే చర్మం, ఈకలు రెండూ పాడవుతాయి. క్యారెట్, గుమ్మడి, బొప్పాయి, తోటకూర, మునగాకు బాగా కడిగి పెట్టండి. పచ్చిమిర్చి కూడా పెట్టొచ్చు. మిరప ఘాటు పక్షి నాలుకకి తెలియదు, అందుకే హాయిగా నమిలేస్తుంది. అవకాడో, చాక్లెట్ మాత్రం వద్దు. రెండూ దానికి విషం.

"కేజ్‌లో ఉంటుంది మేడమ్"

టెస్టులన్నీ బాగానే వచ్చినా పీకడం ఆగని పక్షులుంటాయి. అలాంటి ఒక ఆఫ్రికన్ గ్రే సంగతి చెప్తాను. దాని పేరు కోకో.

ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ఐటీ ఉద్యోగులే. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో పిల్లగా ఉన్న కోకోని తెచ్చుకున్నారు. అది రోజంతా ల్యాప్‌టాప్‌ల మధ్యే పెరిగింది. మీటింగుల్లో "హలో, వినబడుతోందా?" అని అరిచేది. తర్వాత ఆఫీసులు తెరుచుకున్నాయి. ఇద్దరూ పొద్దున తొమ్మిదికి వెళ్తే రాత్రి ఎనిమిదికి వస్తారు. రెండు నెలల్లో కోకో ఛాతీ ఖాళీ అయిపోయింది.

"మా మీద కోపంతో చేస్తోందా మేడమ్?" అని అడిగిందా అమ్మాయి. కళ్లలో నీళ్లు.

"కోపం కాదమ్మా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అది ఏం చేస్తుంది?"

"కేజ్‌లో ఉంటుంది మేడమ్."

"ఉండి ఏం చేస్తుంది?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గిన్నెలో గింజలున్నాయి, నీళ్లున్నాయి, ఒక ప్లాస్టిక్ గంట ఉంది, ఒక అద్దం ఉంది. అంతే. తినడానికి పావుగంట, గంట మోగించడానికి రెండు నిమిషాలు. మిగతా పది గంటలు?

ఇంకొన్ని ప్రశ్నలు అడిగితే మిగతావీ బయటపడ్డాయి. వచ్చినవాళ్లతో మాట్లాడుతుందని కేజ్‌ని వీధి తలుపు పక్కనే పెట్టారు. హాల్లో టీవీ రాత్రి పన్నెండు దాకా నడుస్తుంది. ఏసీ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. స్నానం ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు. ఇంట్లో దేనికీ లోటు లేదు, ప్రేమకీ లోటు లేదు. లేనిదల్లా ఆ పక్షికి పని.

చిలక్కొట్టిన జామకాయలో ఉన్న పాఠం

చిలక్కొట్టిన జామకాయ తియ్యగా ఉంటుందని మన ఊళ్లలో అంటారు. ఆ కాయ మన చేతికి ఎలా వస్తుందో గమనించారా? చిలుక వాలుతుంది, కాయని తిప్పి తిప్పి చూస్తుంది, ఒక పక్క కొరుకుతుంది, కింద పడేస్తుంది. ఇంకో కొమ్మకి పోతుంది. తోడున్నవాటితో గొడవ పడుతుంది. గద్ద నీడ పడితే గుంపంతా లేచిపోతుంది. మళ్లీ వాలుతుంది. చూడటానికి అల్లరిలా ఉంటుంది కానీ అది దాని ఉద్యోగం. అడవి చిలుకలకి తిండి వెతుక్కోవడానికే రోజులో కొన్ని గంటలు పడుతుంది. మన ఇంట్లో గిన్నె ముందు గంట కూడా పట్టదు.

మిగిలిపోయిన ఆ గంటల్లో ముక్కు ఊరుకోదు. కొరకాలి, చీల్చాలి, విప్పాలి. ఎదురుగా ఏమీ లేకపోతే? ఎప్పుడూ అందుబాటులో ఉండేవి సొంత ఈకలే.

ఇది నా ఊహ కాదు. అమెరికాలోని డేవిస్‌లో ఉన్న కాలిఫోర్నియా యూనివర్సిటీలో షెరిల్ మీహన్, జేమ్స్ మిల్లమ్, జాయ్ మెంచ్ ఆరెంజ్ వింగ్డ్ అమెజాన్ అనే జాతి చిలుక పిల్లల మీద చేసిన పరిశోధన 2003లో వచ్చింది. కొన్ని పిల్లలకి మామూలు కేజ్‌లు ఇచ్చారు. మిగతావాటికి తిండిని కష్టపడి తీసుకునే ఏర్పాట్లు, ఎక్కి దిగడానికి, కొరకడానికి రకరకాల వస్తువులు పెట్టారు. నెలలు గడిచేసరికి పని ఉన్న పిల్లల ఈకలు బాగున్నాయి. పని లేనివాటి ఈకలు పాడయ్యాయి. ఆ తర్వాత పాడైనవాటికీ అదే పని ఇస్తే వాటి ఈకలూ మెరుగుపడ్డాయి. అంటే పని ఇస్తే ఈ అలవాటు రాకుండా ఆపొచ్చు, వచ్చాక తగ్గించనూ వచ్చు.

2006లో అదే జాతి చిలుకల మీద వచ్చిన ఇంకో పరిశోధనలో గది తలుపుకి దగ్గరగా ఉన్న కేజ్‌లలోని పక్షులు ఎక్కువగా పీక్కుంటున్నట్టు కనిపించింది. చిలుక వేటాడే జంతువు కాదు, వేటకి గురయ్యే ప్రాణి. చెప్పకుండా తెరుచుకునే తలుపు దానికి ప్రతిసారీ గుండె ఝల్లుమనిపించే గద్ద నీడే.

పని ఇలా పెట్టండి

కోకో వాళ్లకి నేను రాసిచ్చిన చీటీలో మందుల పేర్లు లేవు. ఇవి ఉన్నాయి.

గిన్నె తీసేయండి. ఒక్కసారిగా కాదు, మెల్లగా. మొదటి వారం సగం తిండి గిన్నెలో, సగం దాచిపెట్టి. తెల్ల కాగితంలో నాలుగు గింజలు చుట్టి పొట్లం కట్టండి. మొదటి రోజు దాని కళ్ల ముందే కట్టండి, లోపల తిండి ఉందని తెలుస్తుంది. తర్వాత ముడి కాస్త బిగించండి. ఖాళీ కొబ్బరి చిప్పకి చిల్లు పెట్టి, పీచు కూరి, మధ్యలో పల్లీ దాచండి. పక్కనే గిన్నెలో ఉచితంగా గింజలున్నా కష్టపడి తీసేవాటినే ఎంచుకునే చిలుకలు ఉన్నాయి. మీ పక్షి ఎలాంటిదో మీరే చూడండి. కొత్త పద్ధతికి అలవాటు పడేదాకా రోజూ బరువు తూచండి. వంటింటి డిజిటల్ త్రాసు చాలు. బరువు తగ్గుతుంటే గిన్నె మళ్లీ పెట్టండి.

ఊళ్లో పిచ్చుకల కోసం వసారాలో వడ్ల కుచ్చులు వేలాడదీసేవాళ్లు గుర్తుందా? అదే ఐడియా. సజ్జ కంకి, జొన్న కంకి, మొక్కజొన్న పొత్తు ఆకులతో సహా కేజ్‌కి వేలాడదీయండి. మందు కొట్టని జామ కొమ్మ ఆకులతో పాటు పెట్టండి. సాయంత్రానికి బెరడంతా ఒలిచేసి కింద కుప్ప పోస్తుంది. ఇల్లు పాడవుతుంది. ఆ చెత్తని చూసి సంతోషించండి, ఎందుకంటే అందులో ఈకలు లేవు.

కేజ్ జాగా మార్చండి. ఒక వైపు గోడ ఉండాలి. మనుషులు కనిపించాలి కానీ తలుపు పక్కన వద్దు.

రాత్రి పది, పన్నెండు గంటల చీకటి, నిశ్శబ్దం దానికి అవసరం. టీవీ హాల్లో ఉంటే పక్షి వేరే గదిలో పడుకోవాలి.

స్నానం. ఆఫ్రికన్ గ్రే తేమ నిండిన పశ్చిమ, మధ్య ఆఫ్రికా అడవుల పక్షి. ఏసీ గదిలో దాని చర్మం పొడిబారుతుంది. వారంలో మూడు నాలుగు రోజులు పొద్దున పూట మామూలు నీళ్లని పొగమంచులా స్ప్రే చేయండి. సాయంత్రంలోపు ఆరిపోవాలి.

నిమరాలనిపిస్తే తల, మెడ వరకే. వీపు మీద, రెక్కల కింద నిమిరితే అది మిమ్మల్ని జతగాడు అనుకుంటుంది. ఆ కోరిక తీరక వచ్చే చిరాకు కూడా ఈకల మీదికే మళ్లుతుంది.

పొగ పనికిరాదు. అగరుబత్తి, సాంబ్రాణి, దోమల కాయిల్ ఆ గదిలో వెలిగించకండి. నాన్‌స్టిక్ పాన్ ఖాళీగా మాడితే వచ్చే ఆవిరి పక్షి ప్రాణమే తీస్తుంది. దానికి నిమిషాలు చాలు.

ఇవి మాత్రం వద్దు

పీకుతుంటే పరిగెత్తుకెళ్లి "ఏయ్, వద్దు!" అని అరుస్తారు. మీకది తిట్టు. ఒంటరిగా ఉన్న పక్షికి అది పండగ. "ఈక లాగితే అమ్మ వస్తుంది" అని నేర్చుకుంటుంది. చూడనట్టు ఉండండి. పీకకుండా ఆడుకుంటున్నప్పుడు వెళ్లి మాట్లాడండి.

కొబ్బరి నూనె, వేప నూనె, పసుపు పూయకండి. నూనె అంటిన ఈక ఒంటి వేడిని కాపాడలేదు. మనం వాడే చర్మం క్రీములు పక్షికి ప్రమాదం. అది వాటిని నాకేస్తుంది. మెడకి ప్లాస్టిక్ కాలర్ వేస్తే ముక్కు ఈకలకి అందదు, నిజమే. కానీ కారణం అలాగే ఉంటుంది. గాయం చేసుకుంటున్న పక్షికి తప్ప నేను వేయను. మనసుకి పనిచేసే మందులు కూడా ఉన్నాయి. అవి మిగతా మార్పులకి తోడుగా, వెట్ చూసి ఇవ్వాల్సినవి. ఫ్రెండ్ పంపిన స్క్రీన్‌షాట్ చూసి కొనేవి కావు.

కోకో ఇప్పుడెలా ఉంది?

మూడు వారాల దాకా ఏ తేడా లేదు. ఆ అమ్మాయి ఫోటోలు పంపుతూనే ఉంది. ఆరో వారంలో ఛాతీ మీద బూడిద రంగు నూగు కనిపించింది. అయిదు నెలలకి ఛాతీ నిండింది. మొదలంటా పీకిన ఈక కొన్ని వారాల్లోనే మళ్లీ రావచ్చు. మధ్యలో తుంచిన ఈక మాత్రం తర్వాతి మోల్టింగ్ దాకా ఆగాలి. అందుకే ఓపిక పట్టాలి.

కానీ ఎడమ రెక్క కింద రూపాయి బిళ్లంత చోట ఈక రాలేదు. ఇక రాదు. ఒకే చోట మళ్లీ మళ్లీ పీకితే ఈక మొలిచే గుంటే దెబ్బతింటుంది. "ఇంకొన్నాళ్లు చూద్దాం" అని ఆరు నెలలు ఆగి వచ్చేవాళ్లకి నేను చెప్పేది ఇదే. ఈ సమస్యలో గడియారం నడుస్తూ ఉంటుంది. మొదటి బోసి మచ్చ కనిపించిన వారమే రండి.

ఇంకో నిజం కూడా చెప్పాలి. కొన్ని పక్షులు అన్నీ మార్చినా పూర్తిగా మానవు. చలిగాలి తగలకుండా, గాయం కాకుండా, పని చేసుకుంటూ, తింటూ, అరుస్తూ ఉంటే చాలు. ఈకలు తక్కువైనా అది హాయిగా బతుకుతున్న పక్షే. ఫోటోలో అందంగా కనిపించడం దాని బాధ్యత కాదు.

కొనాలనుకుంటున్నారా?

రామచిలుకని అయితే అసలు వద్దు. మన దేశపు చిలుకల్ని పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. 2022లో చేసిన సవరణతో, 2023 ఏప్రిల్ నుంచి రామచిలుక ఆ చట్టం రెండో షెడ్యూల్‌లో ఉంది. ఎవరైనా "పిల్ల ఉంది, తక్కువకే ఇస్తా" అంటే, అది చెట్టు తొర్రలోంచి తల్లి లేనప్పుడు ఎత్తుకొచ్చిన పిల్ల.

విదేశీ చిలుకలకీ నియమాలున్నాయి. అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్న సైటీస్ జాబితాలోని జాతుల్ని పెంచేవాళ్లు 2024 నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ఆఫ్రికన్ గ్రే ఆ జాబితాలో అన్నిటికంటే కఠినమైన మొదటి అనుబంధంలో ఉంది. అడవుల్లో అంతగా తగ్గిపోయింది.

కాగితాలు సరిగ్గా ఉన్నా ఇంకో లెక్క వేసుకోండి. ఆఫ్రికన్ గ్రే మన సంరక్షణలో నలభై, యాభై ఏళ్లు బతకగలదు. ఇప్పుడు మీకు ఇరవై అయిదు అనుకోండి. మీ ఉద్యోగం మారుతుంది, ఊరు మారుతుంది, పెళ్లవుతుంది, పిల్లలు పుడతారు, వాళ్లు కాలేజీకి వెళ్తారు. అన్ని రోజులూ పొద్దున్నే ఎవరో ఒకరు పొట్లాలు కట్టాలి. ఆ పొద్దులన్నీ మీ దగ్గర ఉంటే తెచ్చుకోండి. లేకపోతే బాల్కనీలో నీళ్ల గిన్నె, ఒక జొన్న కంకి పెట్టండి. వచ్చే పక్షులు వస్తాయి, తింటాయి, ఎగిరిపోతాయి.

ఇప్పటికే ఇంట్లో చిలుక ఉన్నవాళ్లు ఈ రోజే ఒక పని చేయండి. రేపు పొద్దున్నుంచి రాత్రి దాకా అది ఏ గంటకి ఏం చేస్తోందో ఫోన్‌లో నోట్ చేయండి. ఇంట్లో లేకపోతే పాత ఫోన్‌ని కెమెరాగా పెట్టండి. సాయంత్రం ఆ లిస్ట్ చదవండి. "ఏమీ లేదు" అన్న మాట ఎన్నిసార్లు రాయాల్సి వచ్చిందో లెక్కపెట్టండి. ఈకలు పోవడం మొదలయ్యేది అక్కడే. ఈకలు ఇంకా నిండుగా ఉండగానే ఆ ఖాళీలు పూరించండి.